కవితలో మాట్లాడని మనిషి

జూన్ 9

కాఫీ వేడిగా ఉందా అని ఆయన్ని అడిగాను. "ఊ" అన్నారు. చల్లారిపోయిందా అని అడిగాను. దానికీ "ఊ" అన్నారు. మొదటిది నిజం ఊ. రెండోది నన్ను ఆటపట్టించే ఊ. ఈ తేడా నాకు తప్ప ఇంకెవరికీ తెలియదు.

కుడి చెయ్యి కాస్త లేస్తోంది. గోడ పట్టుకుని వరండా దాకా నడుస్తున్నారు. మాటే రావడం లేదు. మెదడులో గడ్డకట్టిన ఆ కాస్త రక్తం, పోయి పోయి ఆ మనిషి మాట మీదే పడాలా? కూరగాయల టోకు మార్కెట్టులో రోజూ వేలం పాడే గొంతు అది. మైకు అక్కర్లేని గొంతు. టమాటా బుట్టల దగ్గర ఆయన ధర పలికితే ఉల్లిపాయల షెడ్డులో వాళ్ళు తలలు తిప్పి చూసేవారు. ఇంటికొచ్చాక కూడా అదే గొంతు. "పంతులమ్మా, ఆకలి!" అని అరిస్తే కింద వాటావాళ్ళు కూడా కంచాలు పెట్టుకునేవారు.

పెళ్ళైనప్పటి నుంచీ ఆయన మాట్లాడారు, నేను ఊ కొట్టాను. ఇప్పుడు నేను మాట్లాడుతున్నాను, ఆయన ఊ కొడుతున్నారు. బాకీ తీరిపోయింది చూశారా అని నవ్వుతూ అన్నాను. "ఊ" అన్నారు. అది బాధ ఊ. వెంటనే మాట మార్చేశాను.

జూన్ 11

మళ్ళీ కాలేజీ. సాయంత్రం క్లాసులు మాత్రమే తీసుకున్నాను. నేను తిరిగి వచ్చేదాకా వదిన ఇంట్లో కూర్చుంటానంది. ఆయన అక్కగారు. గొంతులో తమ్ముడికేమీ తీసిపోదు, కాకపోతే ఆ గొంతు మార్కెట్టు మీద కాకుండా నా మీద పనిచేస్తుంది. ఈ రోజు గుమ్మంలోనే అందుకుంది.

"ఏమ్మా, మనిషి ఇలా చిక్కిపోయాడేంటి? తిండి పెడుతున్నావా, పద్యాలు పెడుతున్నావా?"

"రెండూ పెడుతున్నా వదినా. పద్యాలే అరుగుతున్నాయి."

ఆయన నవ్వారు. ఎడమవైపే వస్తుంది ఆ నవ్వు. అయినా నవ్వే కదా.

జూన్ 12

ఈసారి కూడా "పైగది" చెప్పాలి. ఒకరే మాట్లాడే కవిత. దీన్ని స్వగతం అంటే నేను ఒప్పుకోను. స్వగతం అంటే తనలో తాను అనుకోవడం. ఇక్కడ ఎదురుగా ఒక మనిషి ఉన్నాడు. అతను ఒక్క ముక్క కూడా మాట్లాడడు. అతను ఏం చేస్తున్నాడో, ముఖం ఎలా పెట్టాడో, అంతా మాట్లాడే మనిషి మాటల్లోంచే మనం ఏరుకోవాలి. నాకు ఈ పని అంటే ప్రాణం. ఇన్నేళ్ళ ఉద్యోగంలో నాకు నిజంగా చేతనైన పని ఇదొక్కటే.

మాట్లాడేది పైగది అద్దెకిచ్చిన ఇంటావిడ. వినేది ఖాళీ చేసి వెళ్ళిపోవడానికి పెట్టె పట్టుకుని నిలబడ్డ అద్దెమనిషి. ఇంతే కథ.

*ఆ తలుపు దగ్గర ఎందుకు, ఇలా వచ్చి కూర్చో.
దాని గడియ సంగతి నీకు తెలియనిదా,
రెండు చేతులూ పెడితే తప్ప రాదు.
వాన వచ్చేలా ఉంది కదూ? ఉంది.
వానలో ఎక్కడికని వెళ్తావు? ఎక్కడికీ వెళ్ళవు.
ఈ కిటికీ అంటే నీకెంత ఇష్టమో నాకు తెలుసు...*

చివర:

*ఆఁ, పెట్టె కింద పెట్టావు. నేను అనుకున్నట్టే.
ఉండు, దీపం వెలిగిస్తాను.
సందెవేళ ఈ పాడు కళ్ళకు ఏమీ ఆనదు.
ఏమిటో, గాలి ఇంత చల్లగా కొడుతోంది?*

ఏటా పరీక్షలో ఒకటే ప్రశ్న. ఈ కవితలో మాట్లాడే వ్యక్తినీ, ఆమె భాషనూ విశ్లేషించండి. ఏటా నేను చెప్పే జవాబూ ఒకటే. ఒంటరి ముసలమ్మ, ప్రేమతో ఒక మనిషిని ఆపుకుంది. అతను పెట్టె కింద పెట్టాడు, అంటే ఉండిపోయాడు. చివరి చల్లగాలి వృద్ధాప్యం. పిల్లలు రాసుకుంటారు. నాకు ప్రతిసారీ కళ్ళు చెమరుస్తాయి.

జూన్ 14

మాటల డాక్టరమ్మ వచ్చింది. ఈ పేరు వదిన పెట్టింది. స్పీచ్ థెరపిస్టు అనడానికి ఆవిడకి నోరు తిరగదు. ఆ అమ్మాయి బొమ్మల అట్టలు ఒక్కొక్కటే ఆయన ముందు పెడుతుంది. ఇల్లు, కుక్క, చెంబు. ఈ రోజు గొడుగు పెట్టింది. ఆయన చూశారు. పెదవి కదిలింది.

"గొడుగు! మన నల్ల గొడుగు, మార్కెట్టులో ఎవరో కొట్టేశారే, అదే గుర్తొచ్చింది కదూ?" అన్నాను.

ఆయన "ఊ" అని అట్ట పక్కకు జరిపారు.

"మేడమ్, ఆయన్ని చెప్పనివ్వండి."

"చెప్పేశారు కదమ్మా, కళ్ళతో."

"మీరు ప్రశ్న అడుగుతున్నారు, జవాబూ మీరే చెప్పేస్తున్నారు. కొంచెం ఆగండి. ఎంతసేపైనా సరే, ఆగండి."

నాకు ఒళ్ళు మండింది. నిన్నగాక మొన్న వచ్చిన పిల్ల, నా మొగుడి ముఖంలో ఏముందో నాకు చెబుతుందా? ఆయన కనుబొమ్మ లేచిందంటే ఉప్పు తక్కువైందని తెలుసుకున్న దాన్ని నేను.

వెళ్ళేముందు మెట్ల దగ్గర ఇంకో మాట చెప్పింది. రైల్లో పూట ప్రయాణం దూరంలో ఒక కేంద్రం ఉందట. మాట పోయినవాళ్ళంతా అక్కడే ఉండి రోజంతా సాధన చేస్తారట. "ఇప్పుడు పంపిస్తే మాట వచ్చే అవకాశం బాగా ఉంది మేడమ్. ఆలస్యమయ్యే కొద్దీ తగ్గిపోతుంది. నెలాఖరు దాకా చోటు ఉంచమని అడిగాను."

నేనూ ఆయనతో ఉండొచ్చా అన్నాను. మొదటి నెల ఇంటివాళ్ళు రాకూడదంది. ఎందుకని అడిగితే చెప్పులు వేసుకుంటూ కాసేపు నసిగింది.

"ఇంటివాళ్ళు ఉంటే వాళ్ళకి మాట్లాడే అవసరం రాదు మేడమ్."

జూన్ 15

అడిగాను. ఆయనకు ఇష్టం లేదు.

జూన్ 16

వదినకు చెప్పాను, వెళ్ళనన్నారని. నమ్మలేదు. అన్నాడా, ఎలా అన్నాడు, నోటితో అన్నాడా అని లాయరులా నిలదీసింది.

జరిగింది జరిగినట్టు చెప్పాను. పొద్దున్న గడ్డం గీస్తూ అడిగాను. "ఎక్కడో ఊరుకాని ఊళ్ళో, ముక్కూ మొహం తెలియనివాళ్ళ మధ్య మీరుండగలరా? ఉండలేరు. మీకు నేను కనబడకపోతే అన్నం దిగదు కదా?" అన్నాను. "ఊ" అన్నారు. ఇంతకంటే స్పష్టంగా ఎవరు చెబుతారు?

"గడ్డానికి కత్తి పెట్టి అడిగితే ఎవడైనా ఊ అంటాడే!" అంది వదిన.

ఆయన నవ్వలేదు. కిటికీలోంచి రోడ్డు చూస్తూ కూర్చున్నారు. వదిన పెద్ద గొంతుకు విసుగొచ్చి ఉంటుంది.

జూన్ 18

ఈ రోజు క్లాసు అద్భుతంగా వచ్చింది. ఇంటావిడ భాష మీద మాట్లాడాను.

ఆవిడ వేసే ప్రశ్నలు చూడండి అన్నాను. వాన వచ్చేలా ఉంది కదూ? ఉంది. ఎక్కడికని వెళ్తావు? ఎక్కడికీ వెళ్ళవు. ప్రశ్నకూ జవాబుకూ మధ్య వెంట్రుకంత సందు కూడా ఉండదు. ఎదుటి మనిషి నోరు తెరిచేలోపే ఆవిడ జవాబు పెట్టేస్తుంది. ఎందుకు? ప్రేమ వల్ల. ఇన్నాళ్ళు ఒక కప్పు కింద ఉన్నవాళ్ళకు అడగకుండానే తెలిసిపోతుంది. ఆవిడ ఆజ్ఞలు కూడా ఆదరంగా ఉంటాయి. ఇలా వచ్చి కూర్చో, ఉండు, కదలకు. తల్లి భాష అది అన్నాను. బోర్డు నింపేశాను.

మూడో బెంచీలో ఒక అమ్మాయి ఉంటుంది. ప్రతి క్లాసులోనూ "ఒక అనుమానం మేడమ్" అని లేస్తుంది. పిల్లలంతా దాన్ని అనుమానం అనే పిలుస్తారు. ఈ రోజు అది కూడా లేవలేదు. గడ్డం కింద చెయ్యి పెట్టుకుని పుస్తకంలోకే చూస్తూ ఉండిపోయింది. పాఠం అంత బాగా పట్టిందన్నమాట.

జూన్ 19

ఆయన గొంతు వినాలని ఉంది.

ఇది ఎవరికీ చెప్పుకోలేని కోరిక. ఎదురుగా మనిషి ఉన్నాడు, తింటున్నాడు, నడుస్తున్నాడు, దేవుడి దయ అంటారు. నిజమే. కానీ నాకు ఆ గొంతు కావాలి. వంటింట్లో ఉండగా వెనకనుంచి ఉలిక్కిపడేలా "పంతులమ్మా!" అని వినబడాలి. అలా అరవొద్దని ఎన్నిసార్లు కసిరానో. నిద్రలో గొణిగినా చాలు. తిట్టినా చాలు.

ఇంత మాట్లాడిన మనిషి గొంతు మా ఇంట్లో ఎక్కడా రికార్డు చేసి లేదు. రోజూ దొరికేదాన్ని ఎవరు దాచుకుంటారు? చివరికి మార్కెట్టులో ఒక వ్యాపారిని అడిగితే తన ఫోనులోది ఒక వీడియో పంపాడు. వంకాయల బుట్టల చుట్టూ జనం, మధ్యలో ఆయన తల కొంచెం కనబడుతుంది. గొంతు మాత్రం పూర్తిగా ఉంది. ధర పైకి ఎక్కుతుంటే గొంతూ పైకి ఎక్కుతుంది. మధ్యలో ఎవరో ఏదో అంటే పెద్దగా నవ్వు.

వంటింట్లో నిలబడి, సౌండు తగ్గించి పెట్టుకున్నాను. అయిపోతే మళ్ళీ మొదటినుంచి. ఎప్పుడు వచ్చారో, గోడ పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉన్నారు. తన గొంతు తను వింటున్నారు. తర్వాత మెల్లగా వచ్చి ఎడమచేత్తో నా ఫోను తీసుకుని ఆపేశారు.

బ్యాటరీ అయిపోతుందని.

జూన్ 21

అనుమానం లేచింది.

"ఒక అనుమానం మేడమ్. అతను పెట్టె కింద పెట్టింది ఉండిపోవడానికని మనకెలా తెలుసు?"

ఆవిడే అంటోంది కదా, నేను అనుకున్నట్టే అని, అన్నాను.

"ఆవిడ అనుకుంటోంది మేడమ్. అతను అనలేదు. ఆ గడియ రావాలంటే రెండు చేతులూ పెట్టాలని కూడా ఆవిడే చెప్పింది. అతని చేతిలో పెట్టె ఉంది. గడియ తీయాలంటే పెట్టె కింద పెట్టాలి కదా."

ఎవరో పుస్తకం పేజీ వెనక్కి తిప్పిన చప్పుడు వినబడింది.

"ఆవిడ దీపం వెలిగించడానికి అటు తిరిగింది మేడమ్. కళ్ళు కూడా సరిగా కనబడవు. ఇతను గడియ తీసి వెళ్ళిపోయాడు. తలుపు తెరిచి ఉంది కాబట్టే గాలి కొడుతోంది. ఆవిడకి ఇంకా తెలియదు."

కవితలో లేనిది ఊహించకూడదన్నాను. నా గొంతు నాకే గట్టిగా వినిపించింది.

"ఉండిపోయాడన్నది కూడా కవితలో లేదు కదా మేడమ్?"

కూర్చోమన్నాను. పొగరుగా అనలేదు ఆ పిల్ల. భయపడుతూనే అంది. అదే ఇంకా కోపం తెప్పించింది. గంట కొట్టకముందే క్లాసు వదిలేశాను.

జూన్ 22

ఇన్నేళ్ళుగా ఆ గాలిని వృద్ధాప్యం అని చెబుతున్నాను. తలుపు తెరిచి ఉంటే గాలి వస్తుందని నాకు తట్టలేదు. ఎన్ని జవాబుపత్రాలు దిద్దానో, తలుపు అని రాసిన వాళ్ళకి ఎన్ని మార్కులు కోశానో. ఎవరైనా రాశారో లేదో కూడా గుర్తు లేదు.

పొద్దున్నే కవిత మళ్ళీ చదివాను. తప్పు దొరకాలని చదివాను. దొరకలేదు. పిల్ల చెప్పిందే సరిగ్గా కూర్చుంటోంది.

ఇందులో చిక్కేమిటంటే ఆ ఇంటావిడ అబద్ధాలకోరు కాదు. చూసింది చూసినట్టే చెబుతోంది. తలుపు దగ్గర నిలబడ్డాడు, నిజం. పెట్టె కింద పెట్టాడు, అదీ నిజం. ప్రతి నిజం పక్కనా తన కోరిక ఒకటి అంటిస్తుంది, అంతే. ఎక్కడ నిజం ఆగిందో, ఎక్కడ కోరిక మొదలైందో ఆవిడకే తెలియదు. నేను దాన్ని ప్రేమ భాష అన్నాను. తల్లి భాష అన్నాను. బోర్డు నింపాను.

వదిన ఫోను చేసింది. ఎత్తలేదు.

అదే రోజు, సాయంత్రం

ఈ డైరీని మొదటినుంచి చదివాను.

మాట్లాడే వ్యక్తి: కాలేజీ అధ్యాపకురాలు. తెలివైనదాన్నని నమ్మకం. వినే వ్యక్తి: ఆమె భర్త. ఒక్క మాట కూడా మాట్లాడడు. అతని సంగతి మనకు ఆమె ద్వారానే తెలుస్తుంది. భాష: అడుగుతుంది, జవాబు తనే చెబుతుంది. "ఉండగలరా? ఉండలేరు." అతను ఒక ఊ అంటే దానికి నాలుగు అర్థాలు రాస్తుంది, నాలుగూ తనకు నచ్చినవే. అతను అట్ట పక్కకు జరిపాడు, నిజం. రోడ్డు చూస్తూ కూర్చున్నాడు, నిజం. ఫోను ఆపేశాడు, నిజం.

బ్యాటరీ! సిగ్గు లేకపోతే సరి.

ఆమెకు ఏం కావాలి? ఈ ప్రశ్న క్లాసులో ఎప్పుడూ అడుగుతాను. మాట్లాడే మనిషికి ఏం కావాలో తెలిస్తే భాష దానంతట అదే విడిపోతుంది అని చెబుతాను. సరే, చెబుతాను. ఆయన మాట మళ్ళీ వస్తే ఆ మొదటి మాట నేను వినాలి. ఎక్కడో ఎవరో నర్సు, ముక్కూ మొహం తెలియని మనిషి, డ్యూటీలో భాగంగా వినకూడదు. "ఆఁ బాగుంది, మళ్ళీ అనండి" అని దాన్ని కాగితం మీద గుర్తు పెట్టుకోకూడదు. నాది అది. ఇంతకాలం ఊ కొట్టిన నాది.

ముక్కూ మొహం తెలియనివాళ్ళ మధ్య ఉండలేనిది ఎవరో ఇప్పుడు తెలిసింది.

జూన్ 24

ఆగడం మొదలుపెట్టాను. చిన్న చిన్న వాటితో. పొద్దున్న కాఫీ పొడి డబ్బా, టీ పొడి డబ్బా రెండూ ఎదురుగా పెట్టి, "ఏది?" అన్నాను. నోరు మూసుకున్నాను. ఇంత కష్టమైన పని ఇంకోటి ఉండదు. నాలుక దురద పెడుతుంది. చేతులు ఊరుకోవు. ఆయన ఆ డబ్బాలకేసీ నాకేసీ చూశారు, నేనేదో కొత్త ఆట ఆడుతున్నానన్నట్టు. చాలాసేపటికి ఎడమచెయ్యి లేచింది. టీ డబ్బా చూపించారు.

పుట్టినప్పటి నుంచి కాఫీ తాగిన మనిషి. ఆసుపత్రి నుంచి వచ్చాక కాఫీ వాసన పడటం లేదేమో. ఇన్ని వారాలుగా పొద్దునా సాయంత్రం గ్లాసు నిండా పోసి, బాగుంది కదూ అని తాగించాను.

"ముందే చెప్పొచ్చు కదా!" అన్నాను అలవాటుకొద్దీ.

ఆయన నవ్వలేక దగ్గారు. నేనూ నవ్వాను. ఇద్దరం టీ తాగాం. కేంద్రం సంగతి మాత్రం అడగలేదు. నెలాఖరుకు ఇంకా టైముంది.

జూన్ 25

అడగలేదు.

జూన్ 26

పొద్దున్న వరండాలో కుర్చీలు ఎదురెదురుగా వేశాను. ఆయన్ని కూర్చోబెట్టి, నేనూ కూర్చున్నాను. కత్తీ లేదు, గిన్నే లేదు, చేతిలో ఏ పనీ లేదు.

"మాటలు నేర్పే చోటు ఒకటుంది. డాక్టరమ్మ చెప్పింది. రైల్లో పూట ప్రయాణం. మొదటి నెల నేను రాకూడదు. అక్కడ ఉంటే మాట వస్తుందంటున్నారు, తప్పకుండా అని కాదు." ఇంతవరకూ తడబడకుండా చెప్పాను. తర్వాత అడిగాను. "మీకు ఏం చెయ్యాలనుంది?"

"ఊ" అన్నారు.

ఇదివరకైతే అక్కడితో ఆ ఊ పుచ్చుకుని లేచిపోయేదాన్ని. కూర్చున్నాను. ఆయన నా ముఖంలోకి చూశారు, ఇంకా ఎందుకు కూర్చుందా అని. నేను చెప్పేస్తానని ఎదురుచూస్తున్నారు. అలవాటు చేసింది నేనే కదా. నేను చెప్పకపోయేసరికి ఆయన ముఖం మారింది. నుదురు ముడిపడింది. మెడ మీద నరం ఉబ్బింది. పెదవులు ఏదో ఆకారం పట్టుకోవడానికి పాకులాడుతున్నాయి, దొరికినట్టే దొరికి జారిపోతోంది. కింద రోడ్డు మీద ఎవరో స్కూటరు స్టార్టు చేసుకున్నారు, అది దగ్గి దగ్గి వెళ్ళిపోయింది. నా అరచేతుల్ని తొడల కింద పెట్టుకుని కూర్చున్నాను, లేకపోతే ఆయన నోరు తుడిచేసి, వద్దులెండి, అలసిపోతారు అనేసేదాన్ని.

"వె..."

తొడల కింద అరచేతులు ఇంకా గట్టిగా అదుముకున్నాను.

"వెళ్ళి."

వచ్చింది. మాట వచ్చింది. నాదే, నేనే విన్నాను, నా ఎదురుగానే వచ్చింది. కానీ మాట చూడు! గొంతు బొంగురుగా, ఎప్పటిదో పాత తలుపు కదిలినట్టుంది, అయినా ఆయన గొంతే. ఆనందపడాలో ఏడవాలో తెలియలేదు. వెళ్తారు. నన్ను వదిలి వెళ్తారు. సరేనండీ, అర్థమైంది అనడానికి నోరు తెరిచాను.

ఆయన ఎడమచెయ్యి ఎత్తారు. ఆగమని.

ఆగాను. చెమటలు పట్టాయి ఆయనకి. కళ్ళు మూసుకున్నారు. మళ్ళీ ఆ నరం ఉబ్బింది. ఈసారి ఇంకా ఎక్కువసేపు పట్టింది.

"వ...స్తా."

కళ్ళు తెరిచి నాకేసి చూశారు, సరిగ్గా అన్నానా అన్నట్టు. ఆయన ఒళ్ళో తల పెట్టి ఏడ్చాను. పెళ్ళైనప్పటి నుంచీ రోజూ మార్కెట్టుకు బయల్దేరేటప్పుడు ఆయన అన్న మాటే, వెళ్ళొస్తా అని. అప్పుడు ఒక్కరోజు కూడా వినిపించుకోలేదు.

జూన్ 27

డాక్టరమ్మకు ఫోను చేశాను. చోటు ఖాయం. "ఏమన్నారు మేడమ్, తలూపారా?" అంది. లేదమ్మా, చెప్పారు అన్నాను. ఆ పిల్ల సంతోషంతో చిన్నపిల్లలా అరిచింది.

వదిన అయితే నా తమ్ముడు, నా తమ్ముడు అని ఏడ్చి, ముక్కు చీది, "నాకెందుకు చెప్పలేదే ముందు" అని నన్నే తిట్టింది.

జూన్ 28

క్లాసులో బోర్డు తుడిచి మళ్ళీ మొదలుపెట్టాను. పైగది విషయంలో నేను ఇన్నాళ్ళు చెప్పింది ఇంటావిడ చెప్పుకున్న మాటే అన్నాను. ఆవిడతో పాటు నేనూ దీపం వైపు తిరిగి కూర్చున్నాను, తలుపు వైపు చూడలేదు అన్నాను. అనుమానం తల దించుకుంది. ఎక్కడ కోప్పడతానో అని ఇన్ని రోజులూ బెంగపెట్టుకుందట, తర్వాత తెలిసింది.

కొత్త ప్రశ్న ఇచ్చాను. మాట్లాడని మనిషి వైపు నుంచి ఈ కవిత రాయండి. వెనక బెంచీ వాళ్ళు కూడా కలాలు తీశారు.

జూన్ 30

దింపి వచ్చాను. పెద్ద హాలు, వరసగా కుర్చీలు. ఆయనలాంటి వాళ్ళు చాలామంది ఉన్నారు. ఒకాయన ఆయనకేసి చూసి ఎడమచెయ్యి ఎత్తాడు, ఆయనా ఎత్తారు. నేను ఇంకా అక్కడే ఉన్నానని గుర్తులేనట్టు ఒక నిమిషం ఆ మనిషికేసే చూశారు. నాకు అసూయ వేసింది. రాసుకుంటే తప్పేమిటి, వేసింది.

తిరుగు ప్రయాణంలో కిటికీ పక్క సీటు దొరికింది. బయట ఏముందో చూడలేదు.

జూలై 2

ఇల్లంతా సర్దాను. మళ్ళీ సర్దాను. టీ పెట్టుకుని, బాగుందా అని అడిగాను పైకి.

జూలై 5

ఏమీ లేదు.

జూలై 8

మొదటి వారం అయ్యాక ఆదివారం ఫోను చెయ్యొచ్చన్నారు. గంట మోగగానే అక్కడి ఆయా ఎత్తింది. "వింటున్నారమ్మా, మాట్లాడండి" అని ఆయన చేతికి ఇచ్చింది.

చెప్పాలని వారమంతా ఎన్నో దాచుకున్నాను. వదిన మోకాలి నొప్పి, కింద వాటావాళ్ళ కుక్కపిల్ల, పిల్లలు రాసిన కవితలు, అందులో అనుమానం రాసింది నాకు రెండు రోజులు నిద్ర పట్టకుండా చేసిన సంగతి. అన్నీ మింగేసి ఒక్కటే అడిగాను.

"ఎలా ఉన్నారు?"

ఆగాను. అటు ఎవరిదో దగ్గు, గిన్నెల చప్పుడు, దూరంగా ఎవరో ఒకే మాట మళ్ళీ మళ్ళీ పలుకుతున్న చప్పుడు. వాటన్నిటి మధ్య ఆయన ఊపిరి.

"బా...గు."

ఎంత బాగా అన్నారో చెప్పబోయాను. కానీ ఆయన ఊపిరి ఇంకా ఏదో వెతుక్కుంటోంది. ఫోను చెవికి నొక్కుకుని నిలబడ్డాను.

"ను...వ్వు?"

ఎవరూ అడగలేదు ఈ మాట, ఆయన పడిపోయిన రోజు నుంచీ. బాగున్నానండీ అనాలి. అది తేలికైన మాట, అందరితో అంటున్నదే. నోటి దాకా వచ్చింది, బయటికి రాలేదు. ఎలా ఉన్నానో నాకు నిజంగా తెలియలేదు.

ఫోను పెట్టేశారేమో అనుకున్నాను. పెట్టలేదు. ఊపిరి వినబడుతూనే ఉంది. నా జవాబు కోసం ఆగారు.